పదకొండు నిమిషాల దర్శనం

వీకెండ్ టూర్ కనిపెట్టిన మహానుభావుడికి మా ఊరి నడిబొడ్డున విగ్రహం పెట్టాలి. పెట్టి, దాన్ని చూడటానికి ఎవరికీ మూడు నిమిషాలకు మించి టైమ్ ఇవ్వకూడదు!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. బెల్జియంలో మా గెంట్ ఊళ్లో చేపల బజారు వెనక ఒక చిన్న మ్యూజియం ఉంది. అందులో నాలుగో నంబరు గదికి ఇరవై తొమ్మిదేళ్లు కాపలా కాసినవాణ్ణి. రిటైరై మూడేళ్లయింది. జనం ఎలా చూస్తారనే విషయంలో నాకున్న అనుభవం ఈ పత్రికలో ఇంకెవరికీ లేదు. అందుకేగా ఈ కాలమ్ నాకిచ్చారు!

మొన్న ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఈ కాలం స్టూడెంట్లకి ఓపిక లేదట. చదువుకోడానికని దేశం కాని దేశం వస్తారట, శని ఆదివారాలు గుంపుగా బయల్దేరి రెండు రోజుల్లో ఏడు ఊళ్లు చుట్టేస్తారట, దేన్నీ చూడరట, ఫోటోలు దిగి పోతారట. పోనివ్వండమ్మా! పోతే మనకొచ్చిన నష్టమేమిటి?

నష్టమంతా ఆగి చూసేవాళ్లతోనే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ జాతి ఒకటి ఉండేది. ఒక్కో మనిషి ఒక్కో బొమ్మ ముందు గంటసేపు నిలబడేవాడు. ముందుకి వంగేవాడు, వెనక్కి జరిగేవాడు, కళ్లజోడు తీసేవాడు, మళ్లీ పెట్టేవాడు. వాడు కదిలేదాకా నేను కదలకూడదు, అది రూలు. ఓ శీతాకాలం హాలండ్ నుంచి ఒక ముసలాయన వచ్చి మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగున్నర దాకా అలా నిలబడిపోయాడు. ఆ రోజు భోజనం తర్వాత నేను మూడు కప్పుల కాఫీ తాగి ఉన్నాను. అంతకు మించి వివరించను.

మరి ఇప్పుడో? వస్తారు, బొమ్మకి వీపు పెడతారు, నవ్వుతారు, పోతారు. మనిషికి సగటున పదకొండు సెకన్లు. ఊహించి చెప్పడం లేదు, చేతి గడియారం చూసి ఒక వేసవి అంతా లెక్క రాసుకున్నాను. ఇంతకన్నా మర్యాదస్తులు ఏ కాపలాదారుకి దొరుకుతారు?

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని పెద్దలన్నారు. ఆ పెద్దలెవరికీ వీకెండ్ రైలు టికెట్ లేదు. ఉంటే పాలూ నీళ్లూ రెండూ పరుగెత్తుతూనే తాగి, ఫోటో పెట్టి ఉండేవాళ్లు.

సాక్ష్యం కావాలా? మా మేడమీద గదిలో అద్దెకుంటున్న టూలి ఉంది.

టూలిది ఫిన్‌లాండ్. అక్కడ పైన, ఉత్తరాన ఒవులు అనే ఊరు. పాత బొమ్మలకి మరమ్మతు చేసే విద్య నేర్చుకోడానికి ఒక ఏడాదికని ఇక్కడికి వచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల. సెప్టెంబర్‌లో గదిలో దిగింది, హీటర్ పనిచేయడం లేదని నవంబర్‌లో చెప్పింది. అదీ నేను అడిగితే. ఇంట్లో ఉన్ని టోపీ ఎందుకు పెట్టుకుంటున్నావు అమ్మాయ్ అంటే, పర్లేదండీ, అలవాటైంది అంది.

ఈ పిల్లకి లుట్‌గార్డ్ అని ఒక ప్రొఫెసరమ్మ ఉంది. ఆవిడది పాతకాలపు పద్ధతి. పరీక్షకి పుస్తకం చదవక్కర్లేదు, పేజీలు నింపక్కర్లేదు. టర్ము మొదట్లోనే ఒక్కో స్టూడెంట్‌కి ఒక్కో బొమ్మ అప్పగిస్తుంది. వెళ్లి దాని ముందు ఒక గంట, ఒకే విడతగా, ఫోన్ లేకుండా నిలబడాలి. డిసెంబర్‌లో ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న వేస్తుంది. దానికి జవాబు బొమ్మలో తప్ప ఇంకెక్కడా దొరకదు. చెప్పలేకపోతే సున్నా. సున్నా వస్తే టూలికి స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, రెండో సెమిస్టర్ ఉండదు, జనవరిలో పెట్టె సర్దుకుని ఇంటికి పోవాలి.

ఇంతకీ ఆ పిల్లకి పడిన బొమ్మ ఏదనుకున్నారు? మా మ్యూజియంలోదే, మా నాలుగో గదిలోదే, నా కుర్చీ పక్క గోడకి ఉన్నదే. సమాధిలోంచి లేస్తున్న యేసు. ఐదొందల ఏళ్ల నాటి చెక్క పలక, గీసినవాడి పేరు ఎవరికీ తెలియదు. మా గుమ్మంలోంచి ఏడు నిమిషాల నడక.

ఏడు నిమిషాల నడక కాబట్టే మూడు నెలలు వెళ్లలేదు! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. అదే బొమ్మ రోమ్‌లో ఉంటే సెప్టెంబర్‌లోనే చూసి వచ్చేది. ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకుంటూ ఉండగానే డిసెంబర్ వచ్చింది. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి పరీక్ష అని కబురొచ్చింది. దాని వెనకే ఇకర్ టూర్ వచ్చింది.

ఇకర్ అంటే టూలి క్లాస్‌మేట్, స్పెయిన్‌లో బిల్బావో వాడు. మంచివాడే. కాకపోతే తిండి మానేసైనా టైమ్‌టేబుల్ వేసే రకం. పరీక్షల ముందు బుర్ర చల్లబడాలని ఆరుగురికి, రెండు రోజులకి, ఏడు ఊళ్లకి కలిపి కంప్యూటర్‌లో గళ్లు గీసి రంగులు వేశాడు. రైలుకి నీలం, చర్చికి పసుపు, తిండికి ఎరుపు. ఎరుపు గళ్లు దారప్పోగుల్లా ఉన్నాయి. ఆదివారం సాయంత్రం ఆఖరి గడి మాత్రం ఆకుపచ్చది. గెంట్ మ్యూజియం, పదకొండు నిమిషాలు.

"ముందు తొమ్మిదే వేశాను. నీ పరీక్ష ఉంది కదా అని రెండు పెంచా" అన్నాడట. ఇంకొకరైతే నాకు గంట కావాలిరా బాబూ అని ఉండేవాళ్లు. మన పిల్ల థాంక్స్ చెప్పింది.

ఇక టూర్ మహిమలు వినండి.

శనివారం పొద్దున బ్రూజ్. పడవ ఎక్కారు. పడవాయన కుడివైపు చూడండి, ఎడమవైపు చూడండి అని మైకులో మొత్తుకుంటుంటే, ఆరుగురూ తలలు వంచుకుని, రైల్లో దిగిన ఫోటోల్లో ఏది బావుందో ఓటింగు పెట్టుకున్నారు. బ్రూజ్ వంతెనలు ఎంత కిందికి ఉంటాయో మీకు తెలుసు. తల ఎత్తి చూసేవాడికే బొప్పి కడుతుంది. టూర్‌లో ఆరోగ్యం కూడా ఉందని ఇందుమూలంగా మనవి.

తర్వాత ఒస్టెండ్, సముద్రం. డిసెంబర్ గాలికి చెవులు ఊడి పడేలా ఉన్నాయి. సముద్రానికి ఇకర్ ఆరు నిమిషాలు ఇచ్చాడు. గుంపులో సోర్షా అని ఐర్లాండ్ పిల్ల ఉంది, గలగలా మాట్లాడే మనిషి. మా దేశం చుట్టూ ఉన్నదంతా ఇదే కదరా, మళ్లీ దీన్ని చూడ్డమెందుకు అని అడిగింది. లిస్టులో ఉంది కాబట్టి అన్నాడు ఇకర్. టూలి వెళ్లి బూటు కొస తడుపుకుని వచ్చింది. సముద్రానికి టిక్కు పడింది.

రాత్రికి ఆంట్వెర్ప్. ఆ ఊళ్లో రైల్వే స్టేషనే పెద్ద చూడదగ్గ కట్టడమని వాళ్లు ఎక్కడో చదివారు. అంచేత రైలు దిగి స్టేషన్ చూశారు. పక్క సందులో హాస్టల్‌కి పోయి పడుకున్నారు. పొద్దున్నే లేచి మళ్లీ స్టేషన్ చూసి రైలెక్కారు. ఆతిథ్యమిచ్చే ఊరికి ఇంత తక్కువ శ్రమ కలిగించే అతిథులుంటారా? మా ఆవిడ తరఫు చుట్టాలు వీళ్లని చూసి నేర్చుకోవాలి.

ఆదివారం మెహెలెన్. అక్కడ చర్చి గోపురానికి ఐదొందల పైచిలుకు మెట్లు. అందరూ ఎక్కితే రైలు తప్పుతుందని ముగ్గురు ఎక్కారు. కింది ముగ్గురు పైవాళ్లని ఫోటో తీశారు, పై ముగ్గురు కిందివాళ్లని ఫోటో తీశారు. పైనుంచి ఊరెలా ఉందమ్మా అని టూలిని అడిగితే, సోర్షా చిన్నగా కనిపించిందండీ అని చెప్పింది.

లూవెన్‌లో రైలు ఆగింది గాని దిగి తిరిగే టైమ్ లేదు. ఆరుగురూ ప్లాట్‌ఫారం మీద ఒక్కసారి కాలు మోపి మళ్లీ ఎక్కారు. కాలు మోపితే చూసినట్టేనని శనివారమే ఓటేసి తీర్మానించుకున్నారు. ఐదుగురు అవునన్నారు. టూలి ఎటూ వెయ్యలేదు, కాబట్టి అవునన్నట్టే.

బ్రస్సెల్స్‌లో ఒంటేలు పోసే పిల్లాడి బొమ్మ ముందు జనం ఇసకేస్తే రాలనంతగా ఉన్నారు. అసలు బొమ్మ మూరెడుంటుంది, దాని ముందు మూడొందల మంది చేతులెత్తి ఫోన్లు పట్టుకున్నారు. మనవాళ్లు బొమ్మని చూడలేదు, ముందున్నవాళ్ల ఫోన్లలో బొమ్మని చూశారు. అదీ ఒకేసారి ఇరవై చోట్ల కనిపించింది. ఒక్క బొమ్మ దగ్గరికి పోయి ఇరవై బొమ్మలు చూసి రావడం పూర్వం సాధ్యమయ్యేదా? వేడి వేడి ఆలుగడ్డ ఫ్రైలు కాగితం పొట్లాల్లో పట్టుకుని స్టేషన్‌కి పరుగెత్తుతూ తిన్నారు. సగం ఫ్రైలు పావురాలకి అందాయి. పావురాలూ మనలో భాగమే.

ఈ రెండు రోజులూ టూలి కోటు జేబులో చిన్న నోట్‌బుక్ ఉంది. రైల్లో కూర్చున్నప్పుడల్లా ఒక మాట లోలోపల నేర్చుకుంటూనే ఉంది. నాకు అక్కడ ఒక గంట కావాలి. అంతే, ఐదు మాటలు. నోటిదాకా వచ్చేసరికి ఏదో ఒక ఊరొచ్చేది, అందరూ లేచేవాళ్లు. అయినా ఊళ్లదే తప్పని అనలేం. సోర్షా ఆ పిల్ల భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఇకర్ తన మఫ్లర్ తీసి మెడకి చుట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఐదుగురు స్నేహితులు ఒకేసారి ఉండటం టూలికి ఇదే మొదటిసారి. గంట అడిగితే మొహాలు ఎలా మారతాయోనని భయపడింది.

ఆదివారం సాయంత్రం నాలుగూ ముప్పై నాలుగుకి మా మ్యూజియం చేరారు. పదకొండు నిమిషాల్లో సంచులూ కోట్లూ లాకర్లలో పెట్టడానికి నాలుగు పోయాయి. మూడు గదులు దాటడానికి రెండు. బొమ్మ ముందు ఆరుగురూ నిలబడి, ఒకరి తల ఇంకొకరికి అడ్డం రాకుండా సర్దుకుని, కళ్లు మూసుకున్నవాళ్ల కోసం మళ్లీ దిగి, మొత్తం నాలుగు. మిగిలిన ఒక్క నిమిషం టూలిది. ఆ పిల్ల బొమ్మకేసి తిరగబోయింది. సోర్షా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వంతెన మీద దీపాలు పెట్టేశారే. పూర్తిగా చీకటి పడకముందే ఫోటో దిగాలి, రా రా."

వెళ్లింది. రేపు సోమవారం ఖాళీయే కదా, పొద్దున్నే వచ్చి తీరిగ్గా నిలబడతానని మనసులో అనుకుని వెళ్లింది.

ఈ ఊరి పాఠకులు ఇప్పటికే నవ్వుతుంటారని నాకు తెలుసు.

సోమవారం పది గంటలకి నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరిన పిల్ల పావుగంటలో తిరిగొచ్చింది. మా మ్యూజియంలు సోమవారం మూత! పాదిరికి ఆదివారం ఎలాగో కాపలాదారుకి సోమవారం అలాగ. ఇరవై తొమ్మిదేళ్లలో నేను మనస్ఫూర్తిగా ప్రేమించిన వారం అదొక్కటే. ఎక్కడికెళుతున్నావని నేను అడగలేదు, ఆ పిల్ల చెప్పలేదు. బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. ఫిన్‌లాండ్ వాళ్లు ఇల్లు కాలిపోతున్నా బూట్లు విప్పే లోపలికి వస్తారు. మూడు నెలల్లో మొదటిసారి బూట్లతో వచ్చేసరికి, సంగతి పెద్దదేనని నాకు అర్థమైంది.

కాఫీ పోసి, సాసర్‌లో బిస్కెట్ పెట్టి ఇచ్చాను. బిస్కెట్ ముట్టకుండా జరిగిందంతా చెప్పింది. అంతా విని నేను పడీ పడీ నవ్వాను.

"దీనికా ఇంత దిగులు? దాని పక్కన ఇరవై తొమ్మిదేళ్లు కూర్చున్నవాడు నీ ఎదురుగా ఉన్నాడు కదమ్మా. ఏం కావాలో అడుగు, రాసుకో" అన్నాను. అన్నప్పుడు కాస్త ఛాతీ కూడా విరుచుకున్నాను.

నోట్‌బుక్ తెరిచింది. యేసు చేతిలో జెండా ఏ రంగు అని అడిగింది. ఎరుపు అన్నాను. కాదు, తెలుపేమో అన్నాను. సమాధి మూత ఏ పక్కకి జరిగి ఉంది అంది. ఒక పక్కకి అన్నాను. వెనకాల కొండ ఉందా, ఊరుందా? ఏదో ఉంది, ఖాళీగా మాత్రం లేదు. కాపలా సైనికులు ఎంతమంది? ఇది మాత్రం ఠక్కున చెప్పాను, నలుగురు, నలుగురూ నిద్రపోతున్నారు. ఎందుకంటే గైడ్లు రోజుకి ఆరుసార్లు ఆ ముక్క చెప్పడం నా చెవులతో విన్నాను. ఆ నలుగురిలో ఎవరెలా పడుకున్నారు అని అడిగేసరికి, కాఫీ చల్లారిపోతోంది తాగమన్నాను.

టూలి పెన్సిల్ కింద పెట్టింది. వెక్కిరింపుగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఫిర్మిన్ గారూ, మీరు దాన్ని ఎప్పుడూ చూడలేదా?"

నాకు చెప్పుకోడానికి కారణాలు లేకపోలేదు. కాపలాదారు కుర్చీ గోడకి ఆనించి ఉంటుంది, మొహం తలుపు వైపు. మేము చూడాల్సింది జనాన్ని, బొమ్మల్ని కాదు. ఆ లెక్కన నాకు తెలిసినవి తక్కువేం కాదు. ఎదుటి కిటికీలో అద్దం ముక్కలు నలభై ఎనిమిది. నేల మీద ఏ చెక్క కిర్రుమంటుందో, ఏ నెలలో ఎండ నా బూట్ల మీదికి ఎన్నింటికి వస్తుందో చెప్పగలను. బొమ్మ ఒక్కటే చెప్పలేను. దీపం కింద చీకటి అంటే ఏదో పద్యాల్లో మాట అనుకునేవాణ్ణి.

సరే, ఫోటోలున్నాయి కదా అన్నాను. ఆ నాలుగు నిమిషాల్లో దిగినవి ఇరవై మూడు. కంప్యూటర్ బల్ల మీద పెట్టుకుని ముక్కలు ముక్కలుగా బొమ్మని పోగుచేయడం మొదలుపెట్టాం. ఒక ఫోటోలో ఎడమ మూల దొరికింది. ఇంకోదాంట్లో, సోర్షా చంక సందులోంచి, ఒక సైనికుడి మోకాలు దొరికింది. మధ్యలో యేసు ఉండాల్సిన చోట ఇరవై మూడింటిలోనూ ఇకర్ తల ఉంది. పొడుగ్గా ఉంటాడు కాబట్టి వాణ్ణి మధ్యలో నిలబెట్టారట. అలా మా వంటింటి బొమ్మలో సమాధి మూత తోసుకుని ఇకర్ లేచాడు, పళ్లికిలించి, రెండు వేళ్లు చూపిస్తూ. మ్యూజియం వెబ్‌సైట్‌లో కూడా బొమ్మ ఉంది గాని అది తపాలా బిళ్లంత, మసిగుడ్డంత నలుపు.

టూలి ఇకర్‌ని చూసి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఆగకుండానే ఏడుపులోకి దిగింది. నా మనసు చివుక్కుమంది. మంగళవారం మ్యూజియం పదింటికి తెరుస్తారు, పరీక్ష రెండింటికి, మధ్యలో నాలుగు గంటలున్నాయి, లేచి మొహం కడుక్కో అన్నాను. నేనూ వస్తానని ఎందుకన్నానో నాకే తెలియదు.

రిటైరైనవాళ్లకి మా మ్యూజియం జీవితాంతం ఉచిత ప్రవేశం ఇస్తుంది. ఆ కార్డు మూడేళ్లుగా సొరుగులో రబ్బరుబ్యాండ్ల కింద ఉంది. దుమ్ము తుడిచి జేబులో వేసుకున్నాను.

నాలుగో గదిలో నా కుర్చీలో ఇప్పుడు గోడ్లీవ్ కూర్చుంటోంది, నా పాత సహోద్యోగి.

"ఏమయ్యా ఫిర్మిన్, ఏదైనా మర్చిపోయావా?" అంది.

"లేదు. బొమ్మ చూద్దామని వచ్చాను."

ఆవిడ లేచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తేలాక, నా మోకాళ్ల సంగతి తెలిసిన మనిషి కాబట్టి, కూర్చో నీ కుర్చీయేగా అంది. ఆ కుర్చీని గది మధ్యకి లాగి బొమ్మకేసి తిప్పాను. గోడవార నేల మీద దాని కాళ్లు దిగి నాలుగు గుంటలు పడి ఉన్నాయి. వాటిలోంచి బయటికొచ్చాక అది నిలకడగా నిలబడక అటూ ఇటూ ఊగింది. టూలి తన ఫోన్ నా చేతికిచ్చి పక్కన నిలబడింది.

మొదటి పది నిమిషాలు నరకం. ఉన్న మాట దాచడమెందుకు? జెండా తెలుపు మీద ఎరుపు శిలువ, అదొక్కటి తేలింది. తర్వాత మెడ దురద పుట్టింది, తర్వాత ఆకలేసింది. పదిహేనో నిమిషంలో, ఎందుకో, కొండ వెనక తెల్లవారుతోందని కనిపించింది. అంతకు ముందు కూడా తెల్లవారుతూనే ఉండి ఉండాలి. నిద్రపోతున్న నలుగురిలో ఒకడి నోరు తెరుచుకుని ఉంది, వాడి పళ్లలో ఒకటి లేదు.

ఇరవయ్యో నిమిషం దాటాక టూలి నా భుజం తట్టింది.

"ఐదోవాడున్నాడు" అంది మెల్లగా.

కుడి పక్క కింద, చెట్టు నీడలో, ముదురు గోధుమ రంగు మీద ముదురు గోధుమ రంగుతో వేసి ఉన్నాడు. ముందు హెల్మెట్ అంచు కనిపించింది, తర్వాత ముక్కు, తర్వాత కళ్లు. తెరుచుకుని ఉన్నాయి! నలుగురూ నిద్రపోతుంటే వీడొక్కడూ మెలకువగా ఉన్నాడు. సమాధికి వీపు ఆనించి కూర్చున్నాడు. వెనకాల ఇంత వెలుగుతో ఇంత అద్భుతం జరుగుతుంటే తల తిప్పకుండా, తిన్నగా బయటికి, మా గది తలుపుకేసి చూస్తున్నాడు.

ఆ చూపు నాకు తెలుసు. సాయంత్రం నాలుగు దాటాక, ఎప్పుడు మూస్తారా అని తలుపుకేసి చూసే చూపు అది. ఇరవై తొమ్మిదేళ్లు నేనూ వాడూ మూడడుగుల ఎడంలో, ఒకే గోడకి వీపు పెట్టుకుని, ఒకే తలుపుకేసి చూస్తూ కూర్చున్నాం. ఒక్కసారైనా పలకరించుకోలేదు. నాకు సిగ్గేసింది. గోడ్లీవ్ చూడకుండా ముక్కు చీదుకున్నాను.

గంట పూర్తయ్యాక ఫోన్ తిరిగిచ్చాను. నా చేతిలో ఉండగానే అది రెండుసార్లు వణికింది. ఇకర్ కొత్త ఓటింగు పెట్టాడు. సెలవుల్లో పారిస్, రెండు రోజులు, తొమ్మిది స్థలాలు, అవునా కాదా? టూలి కొంతసేపు దాన్నే చూసింది. తర్వాత టైప్ చేసి, పంపేముందు నాకు చూపించింది.

"వస్తాను. కానీ నేను ఒక్కచోటే ఉంటాను. మీరు తిరిగొచ్చేటప్పుడు నన్ను తీసుకెళ్లండి."

పంపేసి కళ్లు మూసుకుంది. ఇకర్ నుంచి వెంటనే జవాబొచ్చింది. ఆ ఒక్కచోటికి ఏ రంగు వెయ్యమంటావ్ అని అడిగాడు. మొహాలేవీ మారలేదు.

మధ్యాహ్నం ప్రొఫెసరమ్మ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న ఇది. ఆ రాత్రి మెలకువగా ఉన్నవాడు ఏం చూశాడు? ఏమీ చూడలేదండీ, తలుపుకేసి చూస్తున్నాడు అని చెప్పింది టూలి. ఆవిడ కళ్లజోడు మీదుగా ఓసారి చూసి, కాగితం మీద ఏదో రాసుకుని, ఇక వెళ్లొచ్చు అందట. టూలి మా మేడమీద గదిలో జూన్ దాకా ఉంటుంది. హీటర్ మళ్లీ పాడైంది, ఈసారి రెండో రోజే చెప్పింది.

కాబట్టి పాఠకులారా, నా అభిప్రాయంలో మార్పేమీ లేదు. వీకెండ్ టూర్ మహాభాగ్యమే. ఏడు ఊళ్లేం ఖర్మ, పధ్నాలుగు తిరగండి. మా ఊరికీ తప్పకుండా రండి. మ్యూజియానికి పదకొండు నిమిషాలు చాలు.

నేను మాత్రం ఆ మంగళవారం నుంచి రోజూ నాలుగింటికి వెళుతున్నాను, సోమవారం తప్ప. కుర్చీ గోడ్లీవ్‌కి వదిలేసి, బొమ్మకి కుడి పక్కన నిలబడతాను. నాలుగున్నరకి స్టూడెంట్ల గుంపులు వస్తాయి. కొంచెం పక్కకి జరుగుతారా సార్, ఫోటో దిగాలి అని ఎంతో మర్యాదగా అడుగుతారు. వయసు మీద పడింది కదా, నాకు వెనక నుంచి మాట్లాడితే సరిగా వినపడదు. భగవంతుడు నాకు పెద్ద తల ఇచ్చాడు, దాని మీద వెంట్రుక కూడా లేదు. నేను నిలబడితే ఐదోవాడు ఎవరి ఫోటోలోనూ పడడు. వాణ్ణి చూడాలంటే ఫోన్ దించి, గుంపులోంచి బయటికొచ్చి, నా పక్కన నిలబడాలి.

నిన్న ఒకమ్మాయి వచ్చి నిలబడింది. ఎంతసేపని నన్నడక్కండి. నేను గడియారం చూసుకోలేదు.